డీజిలును మీ ఊళ్ళో ఏమంటారండీ?

గుంటూరు, ప్రకాశం వైపు తిరిగొచ్చానని చెప్పగానే మా రాజమండ్రిలో అందరూ అడిగిన మొదటి మాట ఒక్కటే: "కడుపెలా ఉంది?" కడుపు నిక్షేపంగా ఉంది. ఒక మంచి నేత చీరకి మాత్రం డీజిలు వాసన ఇంకా వదల్లేదు. రెండుసార్లు ఉతికినా పోలేదు, ఇక పోదని కూడా అర్థమైంది. ఆ వాసన సంగతి చెప్పాలంటే మొదటి రోజు నుంచీ చెప్పుకురావాలి.

నేను కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. చేనేత బట్టల కొట్టు నడిపే నా స్నేహితురాలి దగ్గరికి యూరప్ నుంచి ముగ్గురు వచ్చారు. మగ్గాలు చూడాలి, పల్లెలు చూడాలి, సముద్రం చూడాలి అని వాళ్ళ కోరిక. తీరా బయల్దేరే ముందు నా స్నేహితురాలు మెట్ల మీద కాలు బెణికి మంచమెక్కింది. "నువ్వెళ్ళవే, వాళ్ళూ ఇంగ్లీషులోనే మాట్లాడతారు, మాట సాయం చెయ్యి చాలు" అని నన్ను రైలెక్కించింది. నాకు కారం పడదని, మా ఇంట్లో పులుసులో బెల్లం ముక్క పడకపోతే ముద్ద దిగదని ఆవిడకి తెలుసు. తెలిసి కూడా మిరపకాయల రాజధానికి పంపింది.

### గుంటూరులో బంకు బడి

ఆ ముగ్గురినీ ముందు పరిచయం చేస్తాను. లూచియాది ఇటలీ, బట్టలకి రంగులద్దడం ఆమె పని. ఎతియెన్ ఫ్రాన్సులో బడిపంతులు, గడ కర్రంత పొడుగు మనిషి, ఏది చూసినా ప్రశ్నలే. బార్బరాది పోలండు, డెబ్బై దాటింది, పొట్టిగా గట్టిగా ఉంటుంది, మాట తక్కువ. ముగ్గురూ ఎక్కడో నేతపని నేర్చుకునే చోట కలిసి స్నేహితులయ్యారట.

నాలుగో మనిషి మా డ్రైవరు కోటేశ్వరరావు. అద్దంకి దగ్గర పల్లె ఆయనది. అసలు పని మిర్చి సేద్యం, పొలంలో తీరిక దొరికినప్పుడు తన పాత డీజిలు బండిని బాడుగకు తోలతాడు. పొద్దున్నే బండిలో దేవుడి బొమ్మ ముందు సాంబ్రాణి కడ్డీ వెలిగించి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు తాళం తిప్పాడు. బయల్దేరిన పది నిమిషాల్లోనే ఆయన పంట సంగతి నాకు చెప్పేశాడు.

"కోత అయిపోయిందండి. కాయంతా కల్లంలో పోశాం. ఇంకొక్క నాలుగు ఎండలు కాస్తే చాలు, యార్డుకి తోలెయ్యటమే. ఈ యేడు పంటంతా ఆ కల్లంలోనే ఉందండి."

"మరి మీరిక్కడుంటే ఎలాగండీ?"

"కాయ ఎండటానికి నేనెందుకండీ? మా ఆవిడుంది, చూసుకుంటది."

అలా అన్నాడే గానీ, మూడు మైళ్ళకోసారి అద్దంలోంచి తల వంచి ఆకాశం చూస్తూనే ఉన్నాడు.

మిర్చి యార్డులో మేం ఎక్కువసేపు నిలవలేకపోయాం. కళ్ళకి ఎర్రగా ఎంత అందంగా ఉందో ముక్కుకి అంత కష్టంగా ఉంది. ఎతియెన్ వరసగా తుమ్ముతుంటే బస్తాలు మోసే వాళ్ళు లెక్కపెడుతూ నవ్వుకున్నారు. లూచియా మాత్రం ఒక ఎండుకాయ అరచేతిలో పెట్టుకుని, ఈ రంగు బట్టకి ఎక్కించాలంటే ఎన్నేళ్ళు కష్టపడాలో అంటూ కదల్లేదు.

అక్కణ్ణుంచి బయటికి రాగానే పెట్రోలు బంకులో ఆగాం. బండి ఆగిందో లేదో ఎతియెన్ దిగి డీజిలు కొట్టే గొట్టం అందుకోబోయాడు. వాళ్ళ దేశంలో ఎవరి బండికి వాళ్ళే పోసుకోవాలట. బంకులో పనిచేసే అమ్మాయి కంగారుపడిపోయింది.

"సారుని పక్కకి నుంచోమనండి మేడం, అది మా పని! జీరో చూసుకోమనండి చాలు."

జీరో ఎందుకు చూడాలో ఎతియెన్‌కి అర్థం కాలేదు. మీటరు సున్నా నుంచి మొదలైందని మనం కళ్ళారా చూసుకోవాలి, వాళ్ళు చూపించాలి, అది ఇక్కడి మర్యాద అని చెప్పాను. ఆయన ముచ్చటపడి వంగి మరీ సున్నా చూశాడు, ఆ అమ్మాయికి నమస్కారం కూడా పెట్టాడు. లూచియా చెప్పింది, ఇటలీలో రెండు రకాలూ ఉంటాయట, మనిషి వచ్చి పోస్తే ఒక ధర, మనమే పోసుకుంటే కాస్త తక్కువ ధర. ఇక్కడి లీటరు ధర విని ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చవకేననుకున్నారు. కోటేశ్వరరావుకి ఆ మాట చెప్పకుండా నేనే మింగేశాను.

అప్పుడు కోటేశ్వరరావు నా కిటికీ దగ్గరికి వచ్చి మొహమాటంగా అడిగాడు. "మేడం, ఈ డీజిలును మీ ఊళ్ళో ఏమంటారండీ అని ఒకసారి వాళ్ళనడగండి."

అడిగాను. లూచియా "గజోలియో" అంది. ఎతియెన్ "గజోల్" అన్నాడు. బార్బరా కొంచెం ఆలోచించి "ఒలెయ్ నపెండోవి" అంది, అంటే బండి నడిపే నూనె అని అర్థమట. మామూలుగా మాత్రం "రోపా" అనేస్తామంది.

కోటేశ్వరరావు ఆ మాటలన్నీ నోట్లో తిప్పుకుని చూసుకున్నాడు. "ఒకే ఖండమన్నారు గదండీ? పక్కపక్క ఊళ్ళే గదా? ఇట్టా తలోమాట అంటే లారీలోళ్ళు ఎట్టా బతుకుతారు?"

"మీకెందుకండీ ఆ మాటలు? ఎప్పుడైనా వెళ్తారా?" అన్నాను నవ్వుతూ.

"వెళ్తే ఏందండీ, వెళ్ళకపోతే ఏందండీ. తెలియని ఊళ్ళో బండి ఆగిపోతే మనిషి అడగాల్సింది ఆ ఒక్క మాటే గదా. అది వస్తే చాలు, మిగతాది చేతులతో చెప్పుకోవచ్చు."

ఈ మాట ఇంగ్లీషులో చెబితే బార్బరా మొదటిసారి నోరారా నవ్వింది. ఆ తర్వాత ప్రతి బంకూ బడే అయింది.

### చీరాల దారిలో

పొన్నూరు, బాపట్ల మీదుగా చీరాల వెళ్ళేసరికి డీజిలు పాఠం అయిపోయి పెట్రోలు పాఠం మొదలైంది. లూచియా, బార్బరా ఇద్దరిదీ ఇక్కడ ఒకే మాట: బెంజీనా. జర్మనీలో, హాలండులో, హంగరీలో కూడా కాస్త అటూ ఇటూగా అదేనట. స్పెయిన్‌లో గజోలినా అంటారట. ఫ్రాన్సులో ఎసెన్స్.

"ఎసెన్సా? అది మా అమ్మాయి కేకులో వేసే చిన్న సీసా గదండీ!" అని కోటేశ్వరరావు స్టీరింగు మీద కొట్టి నవ్వాడు. అమెరికాలో పెట్రోలునే గ్యాసంటారని చెబితే అసలు ఒప్పుకోలేదు. "గ్యాసంటే బండ గదండీ, వంటింట్లో ఉండేది! నీళ్ళలా పారేదాన్ని గ్యాసంటే ఎట్టా?" నాకప్పుడు తెలంగాణలో మా పిన్ని అత్తగారి ఊరు గుర్తొచ్చింది. మనం కిరసనాయిలు అనేదాన్ని వాళ్ళు గ్యాసునూనె అంటారు. గజోలియో అంటే కూడా సరిగ్గా గ్యాసునూనేనని లూచియా చెప్పింది. ఎక్కడి ఇటలీ, ఎక్కడి మా పిన్ని అత్తగారు!

ఆపైన ఎతియెన్ అసలు కబురు చెప్పాడు. బెంజీన్ అనే మాట ఒక చెట్టు బంక పేరు నుంచి వచ్చిందట. అరబ్బు వర్తకులు తూర్పు దీవుల నుంచి తెచ్చి యూరప్‌లో అమ్మేవారట, నిప్పుల మీద వేస్తే మంచి వాసనతో పొగ వస్తుందట. నేను దేవుడి బొమ్మ ముందు కాలిపోయి మిగిలిన పుల్ల తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. వాసన చూసి సీట్లోనే ఎగిరిపడ్డాడు. అదే! సాంబ్రాణే!

"అయితే నేను రోజూ పొద్దున్నే దేవుడికి పెట్రోలు వెలిగిస్తున్నానన్నమాట" అన్నాడు కోటేశ్వరరావు. "డీజిలు బండి గదండీ, సామికి కోపమొస్తదేమో."

చీరాలలో ఒక నేత కుటుంబం ఇంట్లో మగ్గం చూశాం. భార్య మేకులకి దారం తిప్పుతూ ఆసు పోస్తుంటే భర్త గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. లూచియా గంటసేపు ఆ గుంట అంచునే కూర్చుంది. ఆ ఇంటావిడ మాకు భోజనం పెడితే నేనొక ముద్ద తిని నీళ్ళ చెంబు ఖాళీ చేశాను. మా గోదావరి వాళ్ళం కూరలో కారాన్ని పలకరించి వదిలేస్తాం, ఇక్కడివాళ్ళు దాన్ని కూర్చోబెట్టి విందు చేస్తారు. బార్బరా మాత్రం మారు వడ్డించుకుంది. ముసలావిడ నాలుకని ఇనుముతో చేశారేమో!

ఒక్కటే నాకు నచ్చలేదు. కోటేశ్వరరావుని భోజనానికి పిలిస్తే ఎప్పుడూ ఒకటే జవాబు. "నేను తినొచ్చానండి." పొద్దుట్నుంచీ మాతోనే ఉన్న మనిషి ఎప్పుడు తిన్నాడు, ఎక్కడ తిన్నాడు? "ఏమైనా కావాలా?" అంటే "ఏం లేదండి." నాకు ఒళ్ళు మండింది. మా వైపు డ్రైవరైనా, చుట్టమైనా విస్తరి వేశాక వద్దంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెడతాం.

### వాడరేవు

సాయంత్రం వాడరేవు చేరాం. సెలవు రోజు కాకపోయినా జనం బాగానే ఉన్నారు. తీరం పొడవునా ఇసుకలో చేపలు ఎండబోసి ఉన్నాయి, వాటి వాసనకి ఎతియెన్ మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి తుమ్ములు కాదు, దగ్గు. పాక హోటల్లో చేపల పులుసు తిన్నాం. కారమే గానీ, పొద్దుట్నుంచీ నా కంట నీరు తెప్పించకుండా లోపలికి పోయిన మొదటి కూర అదే.

పొద్దున్నే సూర్యోదయం చూడాలని మళ్ళీ వెళ్ళాం. సూర్యుడు లేడు. సముద్రం మీద మబ్బు నల్లగా పేరుకుని ఉంది. పడవల్ని పైకి లాగుతున్నారు. ఆడవాళ్ళు ఎండుచేపల్ని గబగబా గంపల్లోకి ఎత్తుతున్నారు. ఎందుకు తీసేస్తున్నారని ఎతియెన్ అడగమన్నాడు.

"అల్పపీడనమంట అమ్మా" అంది గంప ఎత్తుకుంటున్నావిడ. "మధ్యాన్నం దాటితే వాన దిగుద్ది. చేప తడిస్తే కుక్క కూడా ముట్టదు."

నేను ఆ మాటలు ఇంగ్లీషులో చెబుతూ వెనక్కి తిరిగి చూస్తే కోటేశ్వరరావు ఎండుచేపల వంకే చూస్తున్నాడు.

"మీ కల్లం..." అన్నాను.

"ఏం లేదండి. పదండి, సింగరాయకొండ గుడికి లేటవుద్ది."

### తిరగని బండి తిరిగింది

చీరాలలో బంకు దగ్గర ఆగి ట్యాంకు నిండా డీజిలు పోయించాడు, ఒంగోలు మీదుగా సింగరాయకొండ వెళ్ళి తిరిగి రావడానికి. బంకు కుర్రాళ్ళతో "గజోలియో కొట్టు" అనలేదు. ముందురోజు ప్రతి బంకులోనూ అన్న మనిషి. అప్పుడే ఆయన ఫోను మోగింది. ఇంజనాయిలు చూసుకున్న చేతులకి మరకలంటి ఉన్నాయి కాబట్టి స్పీకరు నొక్కాడు. బండంతా వినపడేట్టుగా ఒక ఆడగొంతు.

"ఏవయ్యా! మబ్బు చూశావా? పట్టలు కప్పుదామంటే కింద నుంచి నీళ్ళొస్తాయి, కల్లం పల్లంలో ఉండె. పొగాకు బ్యారనులోకి ఎత్తేద్దామంటే శీనుగాడి ట్రాక్టరులో చుక్క ఆయిలు లేదు. ఊళ్ళో బంకులో అందరూ క్యాన్లేసుకెళ్ళి పట్టుకుపోయారంట, బోర్డు పెట్టేశాడు. నేనొక్కదాన్ని ఏం చెయ్యను?"

"ఒసేయ్, పెట్టెయ్. బండ్లో గెస్టులున్నారు."

"గెస్టులకి తెలియకూడదా ఏంది మన కాయ తడిసిపోద్దని?"

పెట్టేశాడు. తర్వాత నాతో మామూలుగానే, "బయల్దేరదామా అండి?" అన్నాడు.

వెనక నుంచి ఎతియెన్, ఆవిడ ఎందుకు అరుస్తోందని అడిగాడు. చెప్పొద్దన్నట్టు కోటేశ్వరరావు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. రెండు రోజులుగా ఆయన మాటలన్నీ పొల్లు పోకుండా ఇంగ్లీషులోకి తెచ్చిన నాకు, దీన్ని దాచడానికి మనసొప్పలేదు. మొత్తం చెప్పేశాను. కల్లం, వాన, ట్రాక్టరు, పంటంతా అక్కడే ఉందని, అన్నీ.

బార్బరా ఒక్కటే అంది. "బండి తిప్పమను."

"కుదరదండి" అన్నాడు కోటేశ్వరరావు. "వాళ్ళు సింగరాయకొండ చూడాలని డబ్బులు కట్టి వచ్చారు. ఒప్పుకున్న బాడుగండి ఇది. నా పంట గొడవ వాళ్ళకెందుకు?"

"కొండ రేపు కూడా అక్కడే ఉంటుంది" అంది లూచియా.

ఆయన ఒప్పుకోలేదు. బండి ఒంగోలు వైపే పోనిచ్చాడు. నాకు తిక్క రేగింది. "కోటేశ్వరరావు గారూ, మీరు తిప్పుతారా, నన్ను దిగి నడవమంటారా?" అని గట్టిగా కేకేశాను. మా ఆయన మీద కూడా అంత గొంతు ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన బ్రేకు వేసి, అద్దంకి వెళ్ళే ఇంకొల్లు దారిలోకి తిప్పాడు. ఆ తర్వాత ఆ పాత బండి అంత జోరుగా పోగలదని నేను అనుకోలేదు.

### కల్లంలో కుర్చీలు

అద్దంకి దాకా కూడా పోనక్కర్లేకుండా కాస్త ముందే పొలాల్లోకి తిరిగాం. నల్లరేగడి నేల. దారికి రెండు వైపులా పత్తి తీసేసిన ఎండుమోళ్ళు. అవతల ఒక పల్లంలో ఎర్రటి కల్లం, దాని మీద కూలి ముఠా ఆడవాళ్ళు కొందరు చెక్కలతో కాయని కుప్పలుగా తోస్తున్నారు. దూరంగా గట్టు మీద ఆకు కాల్చి ఆరబెట్టే పొడుగాటి పొగాకు బ్యారను. పొగాకు సీజను అయిపోయి ఖాళీగా ఉంది. కాయంతా అందులోకి చేరితే భయం లేదు. చేరకముందే వాన పడితే ఆ నల్లమట్టిలో ట్రాక్టరు కూడా దిగబడిపోతుంది.

కోటేశ్వరరావు భార్య నాగమణి మమ్మల్ని చూడగానే చేతిలో చెక్క పారేసి పరుగెత్తుకొచ్చింది. మొగుణ్ణి రెండు తిట్లు తిడుతుందనుకున్నాను. ముందు తిట్టింది కూడా. "ఇప్పటికా వచ్చేది! బుద్ధుందా?" ఆ వెంటనే మమ్మల్ని చూసి గొంతు మారిపోయింది.

"అయ్యో, చుట్టాల్ని ఇట్టా నిలబెట్టావేందయ్యా? రండమ్మా రండి. ఒసేయ్ సుబ్బులూ, కుర్చీలు తెండే! డ్రింకులు తెప్పించండే!"

నిజంగానే పని మానేసి ఇద్దరు ఆడవాళ్ళు గట్టు మీదికి పరిగెత్తి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చారు. పైన మబ్బు ఉరుముతోంది. పంటంతా నేల మీద ఉంది. నలుగురు చుట్టాల కోసం కల్లం మధ్యలో నాలుగు కుర్చీలు వేశారు. మా గోదావరి వాళ్ళం మర్యాదలకి పేరు పడ్డవాళ్ళం, ఈ విషయంలో ఇక్కడివాళ్ళు మమ్మల్ని మించిపోయారని అక్కడే ఒప్పేసుకున్నాను.

బార్బరా కూర్చోలేదు. తన కుర్చీని తీసుకెళ్ళి కుప్ప పక్కన పెట్టి, దానికి ఖాళీ గోనెసంచి మూతి తగిలించింది. సంచి నోరు తెరుచుకుని నిలబడింది. లూచియా వెంటనే గంపతో కాయ ఎత్తి పొయ్యడం మొదలుపెట్టింది. మిగతా మూడు కుర్చీలూ అలాగే సంచులు పట్టుకునే కుర్చీలైపోయాయి. ముఠా ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకుని, తర్వాత కొంగులు నడుముకి బిగించారు.

గట్టు కింద నాగమణి తమ్ముడు శీను, తన ట్రాక్టరు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ట్రక్కు సిద్ధం, మనిషి సిద్ధం, ఆయిలే లేదు.

"బావా, నీ బండ్లో ఉందిగా!" అన్నాడు కోటేశ్వరరావుతో.

కోటేశ్వరరావు కదల్లేదు. "అది వీళ్ళ ప్రయాణానికి పోయించిన ఆయిల్రా. వీళ్ళు కట్టిన బాడుగ. దాంట్లోంచి తీస్తే రేపు వీళ్ళు మధ్యలో ఆగిపోతారు."

నేను ఇది అనువాదం చేసే లోపలే బార్బరాకి సంగతి అర్థమైపోయినట్టుంది. బ్యారను గోడ బాగుచేసిన మేస్త్రీలు మట్టం చూసే గొట్టం ఒకటి అక్కడ వదిలిపోయారు. ఆవిడ దాన్ని దులిపింది, నా చీర కొంగుతో రెండు కొసలూ తుడిచింది, నన్ను అడగకుండానే. బండి ట్యాంకు మూత తీసి గొట్టం ఒక కొస లోపలికి దింపింది, రెండో కొస నోట్లో పెట్టుకుంది. కోటేశ్వరరావు "అమ్మా, వద్దమ్మా!" అని పరిగెత్తాడు. అప్పటికే ఆవిడ బుగ్గలు లోపలికి పోయేలా పీల్చింది. గొట్టంలో పసుపు రంగు చుక్క పైకి పాకింది, కిందికి దిగింది, ఆవిడ నోట్లోకి ఒక గుటక పడ్డాక గొట్టం శీను పట్టుకున్న క్యానులోకి తిప్పింది. ధార కట్టింది.

ఆవిడ తుపుక్కున ఉమ్మి, మొహం చిట్లించి ఒక్కటే మాట అంది. "రోపా!"

"రోపా వచ్చిందిరా శీనూ!" అని కోటేశ్వరరావు అరిచాడు. నాగమణి పరుగున బెల్లం ముక్క తెచ్చి బార్బరా నోట్లో కుక్కింది, మజ్జిగతో పుక్కిలించమంది. తన నాన్న పొలంలో ట్రాక్టరు తోలేవాడని, ఇంధనం దొరకని కాలంలో తమ ఊళ్ళో పిల్లలందరూ ఈ పని చేసినవాళ్ళేనని బార్బరా తర్వాత చెప్పింది. రుచి మాత్రం ఏ దేశంలోనైనా ఒకటేనట.

ట్రాక్టరు గర్జించింది. ఆ తర్వాత ఎవరికీ ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదు. కుర్చీలకి సంచులు, సంచుల్లోకి కాయ, మూతులు కుట్టకుండా తాళ్ళతో బిగింపు, ట్రక్కులోకి, గట్టెక్కి బ్యారనులోకి, మళ్ళీ వెనక్కి. ఎతియెన్ పొరపాటున చేత్తో కన్ను నలుపుకుని "ఎసెన్స్!" అని కాదు, వాళ్ళ భాషలో మరేదో పెద్ద మాట అరిచాడు. దానికి అనువాదం అడగొద్దని నాకే తెలిసింది. సుబ్బులు ఆయన్ని కూర్చోబెట్టి కొబ్బరినూనె రాసింది. నా అరచేతులు మండిపోతున్నాయి. జన్మలో తిన్న కారమంతా కలిపినా ఆ మధ్యాహ్నం ఒంటికి పట్టినంత ఉండదు. అయినా ఆగలేదు. ఎందుకాగలేదంటే, ఆ కుప్ప తగ్గుతున్న కొద్దీ నాగమణి మొహం తేటపడుతూ ఉంది, అది చూడాలనిపించింది.

చివరి కుప్ప మిగిలి ఉండగా వాన దిగింది. పట్టలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి, అందరం బ్యారనులోకి పరిగెత్తాం. ఆ కుప్ప అంచులు తడిశాయి. అవి తాలుకాయ కింద పోతాయని, ధర రాదని నాగమణి చెప్పింది. చెబుతూనే నవ్వింది. పంట లోపల ఉంది.

### బ్యారనులో విందు

పొగాకు వాసన, మిరప ఘాటు, డీజిలు కంపు కలిసిన ఆ చీకటి గదిలో సంచులకి ఆనుకుని కూర్చున్నాం. బయట వాన కుండపోత. నాగమణి ఇంటి నుంచి గొడుగు కింద అన్నం, పండుమిరపకాయ పచ్చడి, గోంగూర, నెయ్యి తెప్పించింది. నాకు మాత్రం పెరుగు గిన్నె విడిగా పెట్టింది. ఎవరో చెప్పేశారు.

కోటేశ్వరరావు నిలబడి వడ్డిస్తున్నాడు. బార్బరా ఆయన్ని ఆపి, నన్ను అనువాదం చెయ్యమంది.

"రెండు రోజులు మీ పక్కనే కూర్చున్నాం. ఎందుకు చెప్పలేదు?"

"చుట్టానికి మన బాధ చెప్తామా అండి?"

"నీకిప్పుడు మా ముగ్గురి భాషల్లోనూ డీజిలు అడగడం వచ్చు" అంది బార్బరా. "ఎక్కడ బండి ఆగినా బతికిపోతావు. నీ ఊళ్ళో, నీ భాషలో, పక్కనే ఉన్న మనిషిని అడగడం మాత్రం రాదా?"

నేను తెలుగులో చెప్పేటప్పుడు కొంచెం మెత్తగా చెబుదామనుకున్నాను. కుదరలేదు, అలాగే చెప్పేశాను. నాగమణి "బాగా అడిగిందమ్మా! ముప్ఫయ్యేళ్ళ నుంచీ నేనూ అదే అడుగుతున్నా" అంది.

కోటేశ్వరరావు గరిటెతో నా విస్తట్లో మరికాస్త అన్నం వేశాడు. తర్వాత అలవాటు ప్రకారం, "ఏం లేదండి" అన్నాడు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

### సింగరాయకొండ

ఆ సాయంత్రమే వాన తగ్గాక శీను తన ట్రాక్టరుతో మా బండిని బురదలోంచి తారురోడ్డు మీదికి లాగాడు. బంకుకి ట్యాంకరు వచ్చింది. మా బండికి తిరిగి పోయించడానికి వెళితే బంకువాడు, "ఫుల్లా?" అన్నాడు. కోటేశ్వరరావు దిగి, ఎతియెన్‌ని పిలిచి, గొట్టం ఆయన చేతికి ఇప్పించాడు. ఎతియెన్ సున్నా చూసి, అందరికీ చూపించి, తనే పోశాడు. బంకువాడు పక్కకి జరిగి చోటిచ్చాడు.

చీకటి పడేవేళకి కొండ ఎక్కాం, నరసింహస్వామి దర్శనం అయింది. దారిలో సాంబ్రాణి పొగ రాగానే ఎతియెన్, "బెంజీన్!" అని గొణిగాడు, పూజారి గారికి అర్థం కాకపోవడం మంచిదే అయింది. కింద హోటల్లో ఆకులు వేశారు. నలుగురికి నాలుగు. అలవాటు ప్రకారం కోటేశ్వరరావు బయటే బండి తుడుస్తూ నిలబడ్డాడు.

బార్బరా వెళ్ళి ఆయన ముందు నిలబడింది. రెండు రోజులుగా నా దగ్గర నేర్చుకున్న తెలుగు మాటలు ఒక్కొక్కటీ కూడదీసుకుంది.

"కోటేశ్వరరావు గారూ. ఏం కావాలి?"

ఆయన నోరు తెరిచాడు. "ఏం లే..." దగ్గర ఆగాడు. నేను గుమ్మం దగ్గరి నుంచి చూస్తున్నాను. గుడ్డ భుజాన వేసుకున్నాడు, నా వైపు చూశాడు, మళ్ళీ ఆవిడ వైపు చూశాడు.

"ఆకలేస్తందండి" అన్నాడు. "నిన్న పొద్దుట్నుంచీ సరిగా తినలా."

నేను అనువాదం చెయ్యలేదు. బార్బరా అప్పటికే ఆయన మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపిస్తోంది. నేను వెనక్కి తిరిగి, వడ్డించే అబ్బాయికి వినపడేలా, ఇంకో ఆకు వెయ్యమని కేకేశాను.